డెబ్బై మూడో విస్తరి

కూర్చోండి, చెబుతాను. నవ్వబోమని ముందుగా మీ చేత ఒట్టు పెట్టించుకుందామనుకున్నాను గాని, మీరు ఒట్టు పెట్టి మరీ నవ్వే రకం. నవ్వితే నవ్వండి. మధ్యలో లేచి మాత్రం పోకండి. భోజనాల బంతిలోంచి ఒక మనిషి మధ్యలో లేచిపోతే ఎంత పనవుతుందో నాకు తెలిసినంతగా ఈ కేతేపల్లి మండలంలో ఎవరికీ తెలియదు.

నా పేరు ప్రేమ్‌సాగర్. బస్సు కండక్టరుగా ఇరవై రెండేళ్ళ సర్వీసు. జనం నన్ను చిల్లర ప్రేమ్‌సాగర్ అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో బస్సెక్కిన ప్రతివాడికీ తెలుసు. నా దగ్గర లేనిది చిల్లరే గాని లెక్క కాదు. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి ఒక్క చూపు చూశానంటే ఎన్ని తలలున్నాయో చెప్పేస్తాను. నా తలరాత తప్పినా తలల లెక్క తప్పదు.

మా ఆవిడ ఎస్తేరు ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఆమె కూడా లెక్కలే చెబుతుంది. ఒక ఇంట్లో రెండు లెక్కలు ఇమడవని నాకు పెళ్ళయిన వారానికే అర్థమైంది. ఇమడనిది నా లెక్కేనని అర్థం కావడానికి పదిహేడేళ్ళు పట్టింది.

ఇక అసలు సంగతి. మా ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే తర్వాత భోజనం ఉంటుంది. భోజనంలో మాంసం ఉంటుంది. అన్నం బకెట్ ఎవరైనా పట్టొచ్చు, చారు బకెట్ ఎవరైనా పట్టొచ్చు. కూర బకెట్ మాత్రం ఇంటి మనిషే పట్టాలి. బయటివాడి చేతికిస్తే తన వాళ్ళకు ముక్కలూ మన వాళ్ళకు పులుసూ వేస్తాడని మా వాళ్ళ నమ్మకం. ఆ ఇంటి మనిషిని నేనే.

అందరూ తిని, చేతులు కడుక్కుని, పళ్ళు కుట్టుకుంటూ "కూర మస్తుగున్నది ప్రేమ్‌సాగరూ" అని మెచ్చుకుని వెళ్ళాక నేను కూర్చుంటాను. అప్పటికి గిన్నెలో మిగిలేవి బిర్యానీ ఆకు, రెండు లవంగాలు, అడుగున నా ముఖం. పదిహేడేళ్ళ కాపురంలో నేను వేడి కూర తిన్నదంతా వేరేవాళ్ళ ఇళ్ళలోనే.

అందుకే ఈసారి బకెట్ తప్పించుకోవాలని ఒక పథకం వేశాను. దానికి నాకు మా అత్త సాలమ్మ కళ్ళు కలిసొచ్చాయి.

మా దగ్గరే ఉంటున్న మా అత్తకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. పాపం, నాలుగేళ్ళుగా మనిషిని గొంతు విని గుర్తుపట్టేది. ఇప్పుడు గోడ మీద పాకే చీమ ఆడదో మగదో చెప్పేలా ఉంది. అందుకు కృతజ్ఞతగా ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన పెట్టాలనుకున్నాం. సాలమ్మ కొడుకు, అంటే ఎస్తేరు అన్న విజేందర్, మర్రిగూడ నుంచి రావాలి. ముడి అంతా అక్కడే ఉంది.

ఆ ముడి తెలియాలంటే మా బాపు రూలు తెలియాలి.

మా బాపు ఏసోబుకు ఎనభై దగ్గర పడ్డాయి. ఆయన చిన్నప్పుడు ఊళ్ళో పెళ్ళిళ్ళకు మా వాళ్ళను పిలిస్తే, అందరూ తిని లేచాక, దూరంగా కొట్టం వెనక కూర్చోబెట్టేవారట. అందుకని సొంత ఇల్లు కట్టుకున్న రోజే బాపు రూలు పెట్టాడు.

"నా ఇంట్ల ముందు బంతి, ఎనుక బంతి అని ఉండది. అందరు ఒక్కపారే కూసోవాలె. వరుసలన్ని సమానముండాలె. తోక బంతి నా కండ్లవడొద్దు."

తోక బంతి అంటే, వరుసలన్నీ నిండాక మిగిలినవాళ్ళతో చివర వేసే పొట్టి వరుస. ఈ ఒక్క విషయంలో బాపుతో మేమెవ్వరం పరాచికాలాడం.

ఆ రూలు రెండేళ్ళ కింద నేనే తప్పాను. వచ్చినవాళ్ళు యాభై ముగ్గురు. పదేసి మందిని ఐదు వరుసల్లో కూర్చోబెట్టాను. ముగ్గురు మిగిలారు. వాళ్ళకు చేతులు కడిగే తొట్టి పక్కన ఆకులు వేశాను. ఆ ముగ్గురిలో ఒకడు కరెంటు మీటరు చూడ్డానికొచ్చి భోజనం వాసనకు ఆగిపోయినవాడు. మిగతా ఇద్దరూ మా బావ విజేందర్, ఆయన భార్య తిరుమల.

బావ ముద్ద కలిపి, ఎడమ పక్కన తొట్టిని చూశాడు, కుడి పక్కన మీటరు మనిషిని చూశాడు. ముద్ద ఆకులోనే వదిలేసి లేచాడు.

"మా చెల్లె ఇంట్ల నాకు తోక బంతా?" అన్నాడు. అంతే, మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఎస్తేరు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ప్రతి క్రిస్మస్‌కూ అన్నకు అంగీ కొనడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ ఏడాది అంగీని మర్రిగూడ బస్సులో పంపిస్తే, మర్నాడు అదే బస్సులో విప్పకుండా తిరిగొచ్చింది. ఆమె దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. దాని గురించి నా దగ్గర ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు గుచ్చుకునేది.

ఇప్పుడు తల్లి కళ్ళ కోసం పెట్టిన ప్రార్థన కాబట్టి రానని అనలేకపోయాడు. ఫోన్లో మాత్రం గట్టిగా చెప్పాడు. "ప్రార్థనకొస్త. తింటనో తిననో వరుస జూసి చెప్త."

ఫోన్ పెట్టేశాక ఎస్తేరు నా వైపు తిరిగింది.

"జర ఇను. గీసారి మా అన్న మన ఇంట్ల కడుపునిండ తినాలె. నాకింకేం వద్దు."

"నీకెందుకే ఫికర్? గీసారి లెక్క నాది" అన్నాను.

"గందుకే ఫికరు" అంది.

నా పథకం ఇది. వరుసలు చక్కగా సమానంగా కుదిరితే గొడవ ఉండదు, గొడవ లేకపోతే ఇంటి మనిషి బకెట్ పట్టుకుని కాపలా కాయాల్సిన పని లేదు. కూర బకెట్ ఎవరైనా నమ్మకమైన మనిషికి అప్పగించి, నేను విజేందర్ బావ పక్కన కూర్చుని, వేడి వేడి కూరతో రాజీ చేసుకోవచ్చు. ఎస్తేరుకు అన్న దక్కుతాడు, నాకు మూలుగ నిండిన నల్లి బొక్క దక్కుతుంది.

"బకీటుకు ఒక మంచి మనిషిని చూడు" అన్నాను.

"మనిషిని నేను చూస్తతీయ్" అంది ఎస్తేరు.

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పిలవాల్సినవాళ్ళ జాబితా రాయడానికి కూర్చున్నాం. బస్సులో ట్రిప్పు షీట్ రాసినట్టు పేరు పేరునా చదువుతూ రాశాను. బాపు ఒకటి, అత్త రెండు, ఎస్తేరు మూడు, డేవిడ్ పాస్టర్ గారు నాలుగు, విజేందర్ బావ ఐదు, తిరుమలక్క ఆరు. గురుకులంలో చదివే మా బిడ్డకు సెలవు దొరకలేదు కాబట్టి రాయలేదు. చివరికి అరవై తొమ్మిది తేలారు.

ఎస్తేరు బడి కోసం దాచిన చింతగింజల డబ్బా తెచ్చి నేల మీద గుమ్మరించింది. అరవై తొమ్మిది గింజలు లెక్కపెట్టింది.

"సమానం వరుసలు కావాల్నంటే కారణాంకాల జతలు చూడాలె. ఒకటి నుంచి మొదలుపెట్టు. ఒకటి ఇంటు అరవై తొమ్మిది, గదొక జత. రెండుతోని పోతదా?"

"పోదు. ఒకటి మిగుల్తది."

"మూడుతోని?"

"మూడు ఇరవై మూళ్ళు. పోతది!"

"మూడు వరుసలు, ఇరవై మూడేసి మంది. మన వాకిట్ల అడ్డం తొమ్మిది మందే పడ్తరు, నిలువు ఎనిమిది వరుసలే పడ్తయ్. మిగిలినోళ్ళను గోడ మీద కూసోబెడ్తవా?"

ఆ తర్వాత నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది అన్నీ ప్రయత్నించాం. ఒక్కటీ పోలేదు.

"తొమ్మిది గూడ చూద్దామా?" అన్నాను.

"వద్దు. చిన్న సంఖ్య పెరుక్కుంట వస్తది, దాని జత తగ్గుకుంట వస్తది. రెండు ఒకదానికొకటి ఎదురైన కాడ ఆగాలె. గా ముంగట చూసేదంతా మల్ల చూసిందే."

నాకు టక్కున అర్థమైంది. ఒక బస్సు సూర్యాపేట నుంచి వస్తుంది, ఇంకోటి నకిరేకల్ నుంచి వస్తుంది, రెండూ కేతేపల్లి దగ్గర ఎదురుపడతాయి. ఆ తర్వాత నా బస్సు పోయేదంతా ఆ బస్సు వచ్చిన దారే. ఈ మాట చెబితే ఎస్తేరు మొదటిసారి నన్ను మెచ్చుకున్నట్టు చూసింది.

డెబ్బై చూశాం. ఏడు పదులు డెబ్బై. కానీ పదిమంది అడ్డం పట్టరు, పది వరుసలు నిలువు పట్టవు. డెబ్బై ఒకటి చూశాం. అది మొండి సంఖ్య, ఒకటితో తప్ప దేనితోనూ పోలేదు. డెబ్బై రెండు దగ్గరికి వచ్చేసరికి నా కళ్ళు మెరిశాయి. ఒకటి డెబ్బై రెండు, రెండు ముప్పై ఆరు, మూడు ఇరవై నాలుగు, నాలుగు పద్దెనిమిది, ఆరు పన్నెండు, ఎనిమిది తొమ్మిది. ఆరు జతలు! చివరి జత అచ్చంగా మా వాకిలి కొలతే.

"గిది సంఖ్య అంటే! ఇంకో ముగ్గురిని పిలుద్దాం" అని పక్కింటి పరమేష్‌ను, అతని భార్య అండాలును, టైలర్ చంద్రయ్యను చేర్చాను. భోజనానికి మనుషులను పిలిచేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. లెక్క కుదరడానికి పిలిచినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

"మంచిగనే ఉన్నది గని, డెబ్బై రెండుకు అటు డెబ్బై ఒకటి మొండిది, ఇటు డెబ్బై మూడు మొండిది. ఒక్క మనిషి ఎక్కువైనా, ఒక్క మనిషి తక్కువైనా గుంతల పడ్తవ్" అంది ఎస్తేరు.

"ఇరవై రెండేండ్లు తలకాయలు లెక్కవెట్టినోణ్ణి. నా లెక్క తప్పుతదా?"

"తప్పితే?"

"తప్పితే బతికినన్ని దినాలు గీ ఇంట్ల కూర బకీటు నాదే. తప్పకపోతే ఇగ జన్మల నేను గంటె ముట్ట."

"రాసియ్యి."

జాబితా వెనకాలే రాసి సంతకం పెట్టాను. ఆమె కాగితం తిప్పి, పేర్లన్నీ పైనుంచి కిందికి ఒకసారి చదివి, చిన్నగా నవ్వి, మడిచి దాచుకుంది. మొగుడి తెలివికి మురిసిపోతోందనుకున్నాను. మగవాడు మోసపోవడానికి ఆడది అబద్ధం చెప్పక్కర్లేదు, చిన్నగా నవ్వితే చాలు.

ఆదివారం వచ్చింది. వాకిలి ఊడ్చి, సుద్దముక్కతో అడ్డం తొమ్మిది, నిలువు ఎనిమిది గళ్ళు గీశాను. ప్రతి గడిలో ఒక విస్తరి. వంట యాదలక్ష్మిది. ఆమె, ఆమెతో వచ్చినవాళ్ళు వండటం, అన్నం చారు పట్టడం చూసుకుంటారు, తర్వాత తింటారు. వాళ్ళు లెక్కలో లేరు.

"బకీటు మనిషేడి?" అని ఎస్తేరును అడిగాను.

"టైముకు ఉంటడు. నువ్వు జనాన్ని కూసోబెట్టు" అంది.

నేను గేటు దగ్గర నిలబడ్డాను. చేతిలో పెన్ను, చెవి వెనక ఇంకో పెన్ను. ఒక్కొక్కరు లోపలికి వస్తుంటే వేళ్ళతో లెక్కపెడుతూ, "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అంటూ గళ్ళలోకి పంపాను. బావ వచ్చాడు. మునుపటికన్నా కాస్త చిక్కాడు. నన్ను చూసి తల మాత్రం ఊపాడు. ఎస్తేరు ఎదురుపోయి చేయి పట్టుకుంటే పట్టుకోనిచ్చాడు, మాట మాత్రం మాట్లాడలేదు. మొదటి వరుస మధ్యలో కూర్చోబెట్టాను. ఆయన వెనక్కి తిరిగి వరుసలు ఒక్కొక్కటే చూశాడు. అన్నీ సమానం. అప్పుడు గాని కాళ్ళు మడిచి సరిగ్గా కూర్చోలేదు.

డెబ్బై ఒకటి... డెబ్బై రెండు! టైలర్ చంద్రయ్య ఆఖరివాడు. ఒక్కరు తగ్గలేదు, ఒక్కరు పెరగలేదు. ఛాతీ విరుచుకుని బావ పక్కన కూర్చోవడానికి నడిచాను.

బావ ఎడమ పక్కన తిరుమలక్క ఉంది. కుడి పక్కన పరమేష్, అతని పక్కన అండాలు ఉన్నారు. సరేలే, ఇంకోచోట కూర్చుందామని రెండో వరుస చూశాను. నిండింది. మూడోది నిండింది. ఎనిమిది వరుసలూ నిండాయి. వాకిట్లో ఉన్న ఒక్క ఖాళీ నా కడుపు.

మళ్ళీ లెక్కపెట్టాను. కూర్చున్నవాళ్ళు డెబ్బై రెండు. నిలబడ్డ నేను ఒకణ్ణి. డెబ్బై మూడు. నా ఇరవై రెండేళ్ళ అనుభవం ఒక్కసారిగా మేలుకుంది. ఎవడో టికెట్ లేకుండా ఎక్కాడు!

ఇక చెకింగ్ మొదలుపెట్టాను. జాబితా ఎస్తేరు దగ్గరుంది కాబట్టి గుర్తున్నదాన్ని బట్టి ఒక్కొక్కరి ముందూ వంగి ముఖంలోకి చూశాను.

"చంద్రయ్యా, నిన్ను నేను పిలిచిన్నా?"

"నువ్వే ఇంటికొచ్చి పిలిచినవ్ గదనే!" అన్నాడు చంద్రయ్య, ముఖం చిన్నబుచ్చుకుని.

అప్పుడే డేవిడ్ పాస్టర్ గారు భోజన ప్రార్థనకు లేచి నిలబడ్డారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆయన ప్రార్థనలో ముందు సృష్టి జరగాలి, తర్వాత జలప్రళయం రావాలి, అది తీశాక గాని మా వాకిట్లోకి రారు. నాకు చాలినంత టైముంది. చతికిలబడి సుద్దముక్కతో నేల మీద డెబ్బై మూడుకు జతలు వెతికాను. రెండుతో పోలేదు. మూడుతో పోలేదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు, దేనితోనూ పోలేదు. ఎనిమిది తొమ్మిదులు డెబ్బై రెండు, ఒకటి మిగిలింది. బస్సులు రెండూ ఎదురుపడ్డాయి. ఇక చూసేది లేదు.

ఒక్క మనిషిని లేపితే చాలు, ఆ గడిలో నేను కూర్చుంటాను, డెబ్బై రెండు నిలుస్తుంది. ఎవరిని లేపాలి? పరమేష్‌నే. బావ పక్క జాగా అది. పరమేష్‌కు ప్రాణం ఆరు లీటర్ల బర్రె. పాస్టర్ గారు నోవహు ఓడ దగ్గరున్నప్పుడు పాక్కుంటూ పోయి అతని చెవిలో ఊదాను.

"పరమేషూ, నీ బర్రె తాడు తెంపుకున్నదట. సడక్ దిక్కు పోతాందట."

పరమేష్ కళ్ళు తెరిచి, "అయ్యో నా బర్రె!" అని లేచి పరుగెత్తాడు. అంతవరకు బాగానే ఉంది. అండాలు కూడా లేచి అతని వెంట ఉరికింది. ఆలుమగల మధ్య ఇంత ఐకమత్యం ఉంటుందని నేను లెక్కలోకి తీసుకోలేదు.

చప్పున పరమేష్ గడిలో కూర్చున్నాను. డెబ్బై రెండులో రెండు పోతే డెబ్బై, నాతో డెబ్బై ఒకటి. అటు గుంతలోంచి లేచి ఇటు గుంతలో పడ్డాను. నా పక్కన అండాలు ఆకు ఖాళీగా గాలికి కొట్టుకుంటోంది.

"ఆమేన్" అన్నారు పాస్టర్ గారు.

బావ కళ్ళు తెరిచాడు. పరమేష్ ఉండాల్సిన చోట నేనున్నాను. నా పక్కన ఎవరూ లేరు.

"నా పక్కన కూసున్నోళ్ళు ఎందుకు లేచిపోయిర్రు?" అన్నాడు నెమ్మదిగా.

"బర్రె, బావా. తాడు తెంపుకున్నది."

ఆ మాట పూర్తి కాకముందే పరమేష్ గేటులోంచి రొప్పుతూ వచ్చాడు. వెనకాలే అండాలు.

"ఏడ తెంపుకున్నదే? మంచిగ పండుకోని నెమరేస్తున్నది! ఓ ప్రేమ్‌సాగరూ, నా జాగాల నువ్వెందుకు కూసున్నవ్?"

డెబ్బై మంది నా వైపే చూశారు. బాపు తన చోట నుంచి కదల్లేదు గాని, ఆయన ముఖం చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు.

బావ విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు.

"ఒక మనిషిని లేపి ఒక మనిషి కూసుండేది ఏం బంతి, బావా? మిగిలేది ఎప్పటికి ఎవరో ఒకరు ఉంటరు. గా మిగిలినోణ్ణి నేనే అయితతీయ్. పరమేషూ, వచ్చి నా జాగాల కూసో."

ఎస్తేరు ముఖం పాలిపోయింది. రెండేళ్ళుగా బీరువాలో ఉన్న అంగీ నా కళ్ళ ముందు కదిలింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కూరా వద్దు, నల్లి బొక్కా వద్దనిపించింది. నా కక్కుర్తికి ఆమె అన్నను రెండోసారి గడప దాటించబోతున్నాను.

అప్పుడు రెండో వరుసలోంచి మా అత్త సాలమ్మ గొంతు వినిపించింది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే ఆమె మూసుకోలేదట. "కొత్త కండ్లాయె, మూయబుద్ధి గాలె" అని తర్వాత చెప్పింది.

"అల్లుడా, నువ్వు పాక్కుంట వచ్చింది, చెవుల చెప్పింది, నేను అంతా జూసిన. పరాయోడు ఒక్కడు లేడు గీడ. నాకొకటి చెప్పు. గేటు కాడ నిన్ను ఎవరు లెక్కవెట్టిర్రు?"

"నన్నా? నన్ను ఎందుకు లెక్కవెడ్తరు అత్తా, నేను..." అని ఆగిపోయాను.

ఎస్తేరు లేచింది. కొంగులోంచి జాబితా తీసి నా చేతిలో పెట్టింది. "సదువు. దీంట్ల నీ పేరేది?"

చదివాను. బాపు ఒకటి, అత్త రెండు, ఎస్తేరు మూడు. కిందిదాకా పోయాను. డెబ్బై రెండు పేర్లున్నాయి. ప్రేమ్‌సాగర్ లేడు. ఇరవై రెండేళ్ళుగా బస్సులో తలలు లెక్కపెట్టాను. ఏనాడూ నా తల లెక్కపెట్టుకోలేదు. కండక్టరుకు టికెట్ ఉండదు కదా!

ముందు పరమేష్ నవ్వాడు. తర్వాత ఎనిమిది వరుసలూ నవ్వాయి. పాస్టర్ గారు నవ్వకుండా ఉండటానికి మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

ఎస్తేరు మాత్రం బడిలో చెప్పినట్టే చెప్పింది. "డెబ్బై మూడుకు ఒక్కటే జత. ఒకటి ఇంటు డెబ్బై మూడు. అందర్ని లేపి సడక్ మీద ఒక్కటే వరుస కూసోబెట్టు, సూర్యాపేట దిక్కు. లేకుంటే ఇంకొక తొవ్వ ఉన్నది."

"ఏంది?"

"నువ్వొక్కనివి లెవ్వు. డెబ్బై రెండుంటరు. ఎనిమిది తొమ్మిదులు. ఎవ్వరు మిగలరు."

లేచాను. పరమేష్ తన గడిలో, అండాలు తన గడిలో కూర్చున్నారు. బావ ఇంకా నిలబడే ఉన్నాడు. వరుసలు చూశాడు, నన్ను చూశాడు. ఆయన మీసం కింద ఏదో కదిలింది. చూస్తుండగానే పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"గింత తెలివి పెట్టుకోని రెండేండ్ల కింద నన్ను తొట్టి పక్కన కూసోబెట్టినవా, బావా!" అని నవ్వుతూనే కూర్చున్నాడు. కాళ్ళు మడిచి, నింపాదిగా.

ఎస్తేరు పొయ్యి దగ్గర నుంచి కూర బకెట్ తెచ్చి నా చేతికిచ్చింది. దాని కాడకు ఒక తువ్వాలు కట్టి ఉంది, నా తువ్వాలే.

"మరి నువ్వు చూస్తనన్న మనిషి?"

"చూసిన గద. సంతకం గూడ పెట్టిండు."

"నీకెప్పుడు తెలిసింది?"

"లిస్టు రాసిన్నాడే."

పట్టాను బకెట్. డెబ్బై రెండు ఆకులకూ సమానంగా వేశాను. బావ దగ్గర ఒక ముక్క ఎక్కువ జారింది. ఆయన దాన్ని వేలితో పక్కకు నెట్టి, "సమానమంటే సమానమే" అన్నాడు. సరే అని వెనక్కి తీసుకున్నాను. ఆయన ఆకు తుడిచినట్టు తిన్నాడు. ఎస్తేరు తన ఆకు మరిచిపోయి అన్న ఆకునే చూస్తూ కూర్చుంది.

అందరూ లేచారు, చేతులు కడుక్కున్నారు. ఎప్పటిలాగే "కూర మస్తుగున్నది ప్రేమ్‌సాగరూ" అన్నారు. వాకిలి ఖాళీ అయ్యాక ఒక ఆకు వేసుకుని, అలవాటు ప్రకారం తొట్టి పక్కన కూర్చున్నాను. అది నా తోక బంతి. ఒకటి ఇంటు ఒకటి.

పక్కన ఇంకో ఆకు పడ్డ చప్పుడైంది. చూస్తే బావ.

"తిన్నవ్ గద బావా!"

"తిన్న. మల్ల తింట. తోక బంతిల ఒక్కణ్ణి కూసోబెట్టి పోవద్దు. గది ఎట్లుంటదో నాకు తెల్సు."

మీ ముందు ఒప్పుకోవడానికి సిగ్గేముంది, కళ్ళు చెమర్చాయి. తొట్టి పక్కనే ఉంది కాబట్టి ముఖం కడుక్కున్నట్టు కానిచ్చాను.

ఎస్తేరు మూతపెట్టిన గిన్నె ఒకటి తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది. మూత తీస్తే ఆవిర్లు వచ్చాయి. పొయ్యి మీద పక్కకు తీసి దాచిందట. పైన నల్లి బొక్క ఉంది.

"ముందే దాస్తే ముందే చెప్పొచ్చు గద! గింత పరేషాన్ ఎందుకు?" అన్నాను.

"చెప్తే బకీటు పట్టేటోనివా?" అంది.

పదిహేడేళ్ళలో మొదటిసారి నా ఇంట్లో నేను వేడి కూర తిన్నాను. నల్లి బొక్కను బావ నా ఆకులోకి నెడితే నేను ఆయన ఆకులోకి నెట్టాను. చివరికి ఆయనే తిన్నాడు. మీరు అనుకుంటున్నంత బాధ కలగలేదు. కొంచెం కలిగింది.

తిన్నాక బావ చేయి తుడుచుకుంటూ, "ఎస్తేరూ, గా అంగీ ఉన్నదా, ఎవరికన్న ఇచ్చినవా?" అన్నాడు. ఎస్తేరు లోపలికి ఉరికింది. బీరువా తాళం చప్పుడు వాకిట్లోకి వినిపించింది. అంగీ తెచ్చి చేతిలో పెట్టి, అన్న భుజం మీద తల ఆనించి ఏడ్చింది. ఆయన చెల్లెలి తల నిమురుతూ, మడతలు పడ్డ అంగీని అక్కడే వేసుకున్నాడు. కాస్త వదులైంది.

వెళ్ళేముందు గేటు దగ్గర ఆగి బావ అన్నాడు. "వచ్చే నెల మా ఇంట్ల ప్రార్థన పెడ్తున్న. ఒక్కటే బంతి, వరుసలు సమానం. మీ ఇంట్లకెంచి ఎందరొస్తరో ఇప్పుడే చెప్పుండ్రి, నేను గూడ గింజలు పెట్టుకోని చూస్కుంట."

లెక్క అనేసరికి నా చేయి దానంతట అదే లేచింది. "బాపు ఒకటి, అత్త రెండు, ఎస్తేరు మూడు. ముగ్గురం, బావా!" అన్నాను ధీమాగా.

మంచం మీద కూర్చున్న మా బాపు ఏసోబు, పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడనివాడు, ముందుగా నవ్వాడు.

"రాసుకో అన్నా" అంది ఎస్తేరు. "కూసుండేటోళ్ళు ముగ్గురు. బకీటు పట్టేటోడు ఒకడు."